ప్రశ్నకు అనుమతి

ప్రశ్న అడుగుట మన దేశమునకు క్రొత్త గాదు. అడిగిన ప్రశ్నను ఆపుటయు క్రొత్త గాదు. ప్రశ్నోపనిషత్తులో ఆర్గురు జిజ్ఞాసువులు సమిధలు చేతబట్టుకొని పిప్పలాద మహర్షి యొద్దకు పోయిరి. ఆయన వెంటనే ఉత్తరము చెప్పలేదు. ఒక సంవత్సరము నియమముతో తన యొద్ద నుండి, అటుపిమ్మట ఇష్టము వచ్చినది అడుగవచ్చుననియు, తనకు తెలిసినచో దాపరికము లేక చెప్పెదననియు పలికెను. ఏడాది గడువు పెట్టినాడే గాని వాకిలి మూయలేదు.

బృహదారణ్యకమునందలి గార్గి కథ ఇంతకంటె రసవంతమైనది. జనకుని సభలో ఆమె ప్రశ్న వెంట ప్రశ్న వేయుచు పోగా, ఇక అతిగా అడిగితివేని నీ తల రాలిపోవునని యాజ్ఞవల్క్యుడు హెచ్చరించెను. గార్గి ఊరకుండెను. మన ఉపన్యాసకులలో పెక్కుమంది కథను ఇక్కడనే ఆపివేయుదురు. కాని ఉపనిషత్తు ఆపలేదు. కొంతసేపటికి ఆమె మరల లేచి, సభలోని పెద్దల అనుమతి గైకొని, మరి రెండు ప్రశ్నలు వేసెను. రెండింటికిని ఉత్తరము వచ్చెను. ఆపినవాడు ఉత్తరము చెప్పవలసిన యాజ్ఞవల్క్యుడు; అనుమతి ఇచ్చినది సభ. ఈ భేదమును చదువరులు మనస్సునందుంచుకొన కోరెదను.

మన తెలుగువారు ఈ విషయములో మరియొక అడుగు ముందుకు వేసిరని చెప్పవచ్చును. అష్టావధానములో అప్రస్తుతప్రసంగమునకే ఒక పృచ్ఛకుని ప్రత్యేకముగా కూర్చుండబెట్టుదుము. విషయమునకు సంబంధింపని ప్రశ్న వేయుటయే ఆయన పని. లోకములో అంతట సభనుండి వెడలగొట్టబడు ప్రశ్నకు మనము కుర్చీ వేసి, శాలువ గూడ కప్పినాము! అయినను ఆ ప్రశ్న శ్రుతి మించినప్పుడు ఆపుటకు సంచాలకుడు ఒకడుండును.

నేను చెప్పదలచినది మన చెన్నపట్టణపు శాసనసభలలో ప్రశ్నల చరిత్ర, అందు తెలుగువారి పాలు. ప్రశ్నలను ఏరుట, కొన్నిటిని మూయుట ఏ సభకైనను తప్పదు. అయితే మూసినవారు కారణము వ్రాసి చేతికిచ్చిరా, మరల అడుగుటకు త్రోవ ఉంచిరా, అన్నదే అసలు సంగతి. అట్లుంచినచోట ప్రశ్న బ్రతికినది. ఉంచనిచోట ప్రశ్న మరియొక ఊరికి పోయి, మరియొక వాకిలి తట్టినది.

అట్లు సముద్రము దాటిపోయిన ప్రశ్న ఒకటి కలదు. అది గాజుల లక్ష్మీనరసు శ్రేష్ఠిగారి కథ. ఆయన 1806లో చెన్నపట్టణమున పుట్టిన తెలుగు వర్తకుడు. నీలిమందు, బట్టల వ్యాపారమున ధనము గడించి, 1844లో ‘క్రెసెంటు’ అను ఆంగ్ల పత్రికను నెలకొల్పెను. 1852లో చెన్నపట్టణ స్వదేశీయుల సంఘమును స్థాపించెను. ఆ దినములలో పన్ను వసూలునకై రెవెన్యూ ఉద్యోగులు రైతులను హింసించుట పరిపాటిగా నుండెను. కిట్టి అను చెక్క పనిముట్టున వ్రేళ్లు నొక్కుట, మెడకును కాలికిని త్రాడు వేసి వంచి ఎండలో నిలువబెట్టుట, ఇట్టివి గ్రామములలో నిత్యకృత్యములు. ఇది నిజమా కాదా అని రాజధానిలో అధికారులను నిలదీసి అడుగుటకు ప్రజలకు స్థానము ఏదియును లేదు. ప్రశ్నను ఎవ్వరును నిరాకరింపలేదు. నిరాకరించుటకైనను ఒక సభ ఉండవలయును గదా!

లక్ష్మీనరసు శ్రేష్ఠిగారు పార్లమెంటునకు మహజరులు పంపిరి. డాన్బీ సేమూరు అను పార్లమెంటు సభ్యుడు 1853లో ఇచ్చటికి వచ్చి, జిల్లాలు తిరిగి కన్నులార చూచి పోయెను. 1854 జూలైలో లండను నగరమున కామన్సు సభలో ఈ హింసల మాట లేచెను. ఇచ్చటి ప్రభుత్వమువారు విచారణ సంఘమును వేయక తప్పినది కాదు. 1855లో వెలువడిన ఆ సంఘపు నివేదిక, హింస జరుగుచున్న మాట నిజమేయని ఒప్పుకొనెను. గుంటూరు రైతు వ్రేళ్లను గురించిన ప్రశ్నకు థేమ్సు నది ఒడ్డున ఉత్తరము దొరకినది.

ఇందులో విధి వైపరీత్యము ఒకటి కలదు. 1863లో ఆ లక్ష్మీనరసు శ్రేష్ఠిగారినే ప్రభుత్వము చెన్నపట్టణపు శాసన నిర్మాణ సభకు సభ్యునిగా నియమించెను. కాని 1861 నాటి చట్టము ప్రకారము ఆ సభలో, ఎదుటనున్న చట్టపు ముసాయిదాను గూర్చి తప్ప మరి దేనిని గూర్చియు మాటలాడరాదు, ప్రశ్న వేయరాదు. అంతకుముందు కలకత్తాలోని సభ, ప్రభుత్వపు చర్యలను గురించి అడుగ మొదలిడి చిన్న పార్లమెంటువలె తయారైనదని ఆంగ్ల మంత్రులకు కంటగింపు కలిగెను. ఆ తలుపు మూయుటకే 1861లో ఆ కట్టుబాటు వచ్చినది. లండనుదాక వినబడిన కంఠము, తన ఊరి సభలో అయిదేండ్లు ప్రశ్నలేక కూర్చుండి, 1868లో శాశ్వతముగా మూగవోయెను. ఆయన పేరు ఈనాడు మన పిల్లలలో ఎందరికి తెలియునో!

ముప్పదియొక్క ఏండ్లకు, అనగా 1892 చట్టముతో, ప్రశ్న వేయు హక్కు మొదటిసారి వచ్చినది. దానికి వ్రాసిన నియమములు చూడదగినవి. ఆరు దినములు ముందుగా నోటీసు ఇయ్యవలయును. ప్రశ్న కేవలము సమాచారము కోరునదిగా నుండవలయును, వాదముగా నుండరాదు, ఊహించిన సంగతిపై నుండరాదు, ఎవరిని నిందింపరాదు. ఉత్తరము వచ్చిన పిమ్మట దానిపై చర్చ కూడదు. ప్రజాహితమునకు భంగము లేకుండ ఉత్తరమియ్య వీలుకాదని తనకు తోచినచో, అధ్యక్షుడు మరి ఏ కారణమును చెప్పకయే ప్రశ్నను త్రోసివేయవచ్చును. ఆ అధ్యక్షుడెవరు? స్వయముగా గవర్నరే. ప్రభుత్వమును ప్రశ్న అడుగవలయును. ప్రశ్న తగునా తగదా అని తేల్చువారును ప్రభుత్వమే. యాజ్ఞవల్క్యుడే జనకుని సింహాసనమునెక్కి కూర్చుండినట్లు!

ఇంత బిగువులోనుండియు మొదటి ప్రశ్న ఎట్టిదో చూడుడు. 1893 ఫిబ్రవరి 16వ తేదీన గవర్నరు జనరలుగారి సభలో భింగా రాజుగారు వేసినది. దొరలు గ్రామముల వెంట దౌరాలు చేయునప్పుడు వారి పరివారమునకు సరఫరాలు ఇయ్యవలసివచ్చి పల్లె దుకాణదారులు పడు బాధలను గురించి ఆయన అడిగెను. ఒక రాజు అడిగినది పల్లె కోమటి ఉప్పు పప్పుల మాట! ప్రశ్న చిన్నదని త్రోసివేయువారికి ఈ సంగతి చెప్పదగును.

మన ప్రాంతమునుండి రాజమహేంద్రవరము న్యాయవాది న్యాపతి సుబ్బారావు పంతులుగారు 1893లో చెన్నపట్టణపు సభకు ఎన్నికై వచ్చిరి. 1878లో ‘హిందూ’ పత్రికను స్థాపించిన ఆర్గురు యువకులలో ఆయన ఒకడు. చిత్తూరు సీమలో పుట్టిన పనబాకము ఆనందాచార్యులుగారు 1895 నుండి కలకత్తా సభలో కూర్చుండిరి. అప్పటి సభలలో ప్రశ్న అడిగినవానికి లభించునది ఒక్క ఉత్తరమే. ఆ ఉత్తరము డొంకతిరుగుడుగా నున్నను మారు మాట్లాడుటకు వీలు లేదు. 1909 సంస్కరణములతో, మొదట అడిగిన సభ్యుడు మాత్రము అనుబంధ ప్రశ్న ఒకటి వేయవచ్చునను సదుపాయము కలిగినది. 1919 సంస్కరణములతో ఆ హక్కు సభ్యులందరికి వచ్చినది. ఈ రెండు మెట్లు ఎక్కుటకు ఇరువదియేడు సంవత్సరములు పట్టెను.

ఆపైన తెలుగువారు గర్వింపదగిన ఒక అధ్యాయము గలదు. 1926లో చెన్నపట్టణపు శాసనసభకు విశాఖపట్టణమువారైన సి. వి. యస్. నరసింహరాజుగారు అధ్యక్షులైరి. 1930లో నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెమువారైన బెజవాడ రామచంద్రారెడ్డిగారు ఆ పీఠమునెక్కి 1937 వరకు నుండిరి. 1937లో క్రొత్త శాసనసభకు బులుసు సాంబమూర్తిగారు సభాపతియై 1942లో రాజీనామా ఇచ్చువరకు ఆ పదవిలో నుండిరి. అనగా తమిళులు, తెలుగులు, మలయాళీలు, కన్నడిగులు కలసి కూర్చుండిన ఆ సభలో ఏ ప్రశ్న ప్రవేశింపవచ్చును, ఏది ప్రవేశింపరాదు అని తీర్పు చెప్పు అధికారము పదునారేండ్లు వరుసగా తెలుగువారి చేతిలో నుండినది. ఈ పట్టణములో మనము నిన్న మొన్న వచ్చిన అతిథులమని తలచువారు ఈ లెక్క ఒకసారి వేసికొందురు గాక. సాంబమూర్తిగారు చొక్కా తొడుగని మహర్షి. ఆయన ఆ పీఠముపై కూర్చుండిన దృశ్యము, గవర్నరు తానే అధ్యక్షుడై ప్రశ్నలను త్రోసివేసిన నాటి దృశ్యము, ఈ రెంటి నడుమ నలువది యేండ్లు కొంచెము మించి మాత్రమే యున్నవి.

ఇక నాకు స్వయముగా తెలిసిన సంగతికి వచ్చెదను. నేను గుమాస్తాగా పనిచేసిన కార్యాలయము పేరుతో ఇచ్చట పని లేదు. శాసనసభ సమావేశములు నడచు దినములలో మాకు ‘సభా ప్రశ్న, తక్షణము’ అను చీటి అంటించిన దస్త్రములు వచ్చెడివి. మిగిలిన దస్త్రములన్నియు ప్రక్కకు పోవలసినదే. భోజనపు డబ్బా గూడ ప్రక్కకే. ప్రశ్న (అ), (ఆ), (ఇ) అని ముక్కలుగా నుండును. (అ) ఫలానా గ్రామములో ఫలానా లోపము ప్రభుత్వ దృష్టికి వచ్చినదా? (ఆ) వచ్చినచో తీసికొన్న చర్య యేమి? (ఇ) తీసికొననిచో కారణమేమి? దీనికి చిత్తు ఉత్తరము వ్రాయు నేర్పు ఒకటి కలదు. మొదటిదానికి ‘లేదు’ అని వ్రాసినచో, తక్కిన రెంటికి ‘ఇవ్వినా ఎళవిల్లై’, అనగా ‘ఈ ప్రశ్న ఉత్పన్నము కాదు’ అని రెండు మాటలతో సరిపెట్టవచ్చును. గ్రామములో లోపమున్నను, అది ‘దృష్టికి రాలేదు’ గనుక ప్రశ్న పుట్టనే లేదు!

సభాపతి ప్రశ్నను నిరాకరించుట కంటె ఇది చెడ్డదని నా దృఢాభిప్రాయము. నిరాకరించినచో ప్రశ్న మూయబడినదని అడిగినవానికి తెలియును. మరియొక రూపమున వ్రాసి మరల పంపవచ్చును. ‘ఉత్పన్నము కాదు’ అన్నచో ప్రశ్న ఉత్తరము పొందినట్లే లెక్కకు ఎక్కును, పుస్తకములో అచ్చు గూడ పడును. తలుపు తెరచినట్లే యుండును, లోపల గది యుండదు. ఈ రహస్యమును ఎరిగిన శాసనసభ్యులు ప్రశ్నలను వేరు విధముగా కూర్చెడివారు: ‘దృష్టికి వచ్చినదా’ అని అడుగక, ‘ఎన్ని బావులు ఎండినవి, ఏ తేదీనాటికి’ అని అడిగెడివారు. అట్టి ప్రశ్న వచ్చిన దినము మా గదిలో ఫంకా తిరుగుచున్నను చెమట పట్టెడిది. లెక్క చెప్పవలసినదే, తప్పించుకొను సందు లేదు.

ఇట్లనుట చేత ప్రశ్నలన్నిటిని తలుపులు బార్లా తెరచి రానియ్యవలయునని నా అభిప్రాయము కాదు. లోకసభలో రోజునకు నక్షత్ర చిహ్నముతో నోటి ఉత్తరము పొందు ప్రశ్నలు ఇరువదియే. వ్రాతమూలకముగా ఉత్తరము పొందునవి 230. అయిదువందల నలువదిమందికి పైగా సభ్యులున్నచోట ఏరుట తప్పునా? ఏరుటకు వారు వ్రాసికొన్న నియమములు మన సంఘముల వారు చదువదగినవి. ప్రశ్న సామాన్యముగా 150 మాటలకు మించరాదు. అదివరకే ఉత్తరము చెప్పిన ప్రశ్నను మరల వేయరాదు. అభిప్రాయము అడుగరాదు. ఒక ఉత్తరములో ఇమడనంత పెద్ద విధానమును గూర్చి అడుగరాదు. అందరికి అందుబాటులోనున్న గ్రంథములలో దొరకు సమాచారమునకై సభను శ్రమపెట్టరాదు. వ్యంగ్యము, దూషణ, అర్థములేని అస్పష్టత పనికిరావు. ఇవన్నియు 1892 నాటి నియమములకు మనుమలు, మునిమనుమలు. అయితే ఒక ముఖ్య భేదము: అప్పుడు కారణము చెప్పనక్కరలేదు; ఇప్పుడు ఏ నియమము క్రింద త్రోసివేసినది సభ్యునికి తెలుపుదురు.

ఇంకొక చక్కని పద్ధతి కలదు. ఒకే విషయముపై నలుగురు అడిగినచో, మూడింటిని చెత్తబుట్టలో వేయరు. ప్రశ్న ఒక్కటిగా చేసి నలుగురి పేర్లను కలిపి అచ్చు వేయుదురు. అడిగినవారి సంఖ్యయే ఒక సమాచారము. ఒక వీథిలో నీళ్లు రాలేదని ఒకడు చెప్పుట వేరు, నలుబదిమంది చెప్పుట వేరు గదా!

అనుబంధ ప్రశ్నకు త్రోవ ఇచ్చినచో ఏమి జరుగునో 1957లో దేశము చూచెను. అప్పటి లోకసభాపతి తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారుగారు. జీవిత బీమా సంస్థ సొమ్ముతో ఒక వ్యక్తికి చెందిన సంస్థల వాటాలు కొన్నారా అను విషయముపై రామసుభగసింగుగారు ఆ సెప్టెంబరులో ప్రశ్న వేసిరి. వచ్చిన ఉత్తరము అస్పష్టము. ఫిరోజు గాంధీగారు దానిని విడువలేదు; డిసెంబరులో సభలో చర్చ జరిగెను; న్యాయమూర్తి చాగ్లాగారి విచారణ నడచెను. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి, మన చెన్నపట్టణమువారైన టి. టి. కృష్ణమాచారిగారు, రాజీనామా ఇచ్చిరి. మొదటి ఉత్తరముతోనే ‘ఈ విషయము ముగిసినది’ అనియుండినచో ముంద్రా పేరు ఎవరికి తెలియును?

అడుగువారందరు సత్యసంధులు గారు. 2005 డిసెంబరులో, ప్రశ్నలు వేయుటకు సొమ్ము పుచ్చుకొన్నారను కారణముచేత పదునొకండుమంది పార్లమెంటు సభ్యులను బహిష్కరించిరి. ప్రశ్నకు ధర కట్టు కాలము వచ్చినప్పుడు వాకిట కావలివాడు ఉండవలసినదే. మరియొక వైపున, 2020 సెప్టెంబరులో కరోనా వ్యాధి కారణముగా ప్రశ్నోత్తరముల గంటనే ఆ సమావేశమునకు తీసివేసిరి. వ్రాత ఉత్తరములు మాత్రము సాగినవి. అనుబంధ ప్రశ్న లేని వ్రాత ఉత్తరము 1893 నాటి ఉత్తరమే. వ్యాధి నిజమే, కాని ఇతర కార్యములు నడచిన సభలో ఆ గంటయే ఏల బరువయ్యెనో నాకు బోధపడలేదు.

సభల సంగతి అట్లుండ, పత్రికలలోను ఈ వాకిలి కావలి కలదు. చెన్నపట్టణము తెలుగు పత్రికలకు పుట్టినిల్లుగా నున్న దినములలో పాఠకుల వాదప్రతివాదములు వారముల తరబడి సాగెడివి. అటుపిమ్మట ఒకనాడు చిన్న అక్షరములతో ‘ఇంతటితో ఈ చర్చ సమాప్తము – సంపాదకుడు’ అని పడెడిది. అదియే సభాపతి సుత్తి. ‘ఆంధ్రప్రభ’ వారపత్రికలో ‘ప్రమదావనము’ శీర్షికను దాదాపు అర్ధశతాబ్దము నడిపిన మాలతీ చందూరుగారు ఈ ఊరిలోనే కాపురముండి, 2013లో ఇచ్చటనే కన్నుమూసిరి. వంట మొదలు వైవాహిక దుఃఖము వరకు తెలుగు స్త్రీలు ఇంటిలో ఎవరిని అడుగలేని ప్రశ్నలను ఆమెను అడిగిరి. వారపత్రికలో పుట ఎంత! అందులో కూర్చునవి కొన్నియే. అయినను ఒకరి ఉత్తరము అచ్చుపడినప్పుడు, అదే బాధ గల వందమంది తమ ప్రశ్నకే ఉత్తరము వచ్చినదని చదువుకొనెడివారు. లోకసభవారు పేర్లు కలిపి అచ్చువేయుదురు; ఇచ్చట పేర్లు లేకయే ప్రశ్నలు కలిసినవి.

చర్చను మూసివేయుటకు, మూసినది మరల తెరచుకొనుటకు మన భాషా చరిత్రలోనే పెద్ద తార్కాణము కలదు. పాఠశాలలలో, కళాశాలలలో తెలుగు వ్యాసమును గ్రాంథికములో వ్రాయవలయునా, శిష్టవ్యావహారికములో వ్రాయవచ్చునా అను వివాదము మదరాసు విశ్వవిద్యాలయము నియమించిన ఉపసంఘము ఎదుటికి వచ్చెను. అధిక సంఖ్యాకులు గ్రాంథికము పక్షము వహించిరి. ప్రశ్న మూయబడెను. కాని గురజాడ అప్పారావుగారు 1914లో తమ అసమ్మతిని సవిస్తరముగా వ్రాసి ఉపసంఘమునకు సమర్పించిరి. మరుసటి సంవత్సరమే కీర్తిశేషులైరి. ఆ కాగితము చావలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో ‘తెలుగు’ అను పత్రికను పెట్టి ఆ ప్రశ్ననే మరల మరల అడిగిరి. చివరకు లోకము ఎవరి పక్షమునకు వచ్చినదో నేటి పత్రికలను చూచిన తెలియును. గ్రాంథికపు వాసన వదలని నా వంటి వృద్ధుడే ఈ మాట వ్రాయుటచేత దానికి బలము హెచ్చునని తలచెదను! ఓడిపోయిన పక్షము కారణములు దస్త్రములో భద్రముగా నుండుటచేతనే ప్రశ్న మరల లేవగలిగినది.

సామాన్యుని ప్రశ్నకు చట్టబలము కలిగినది మన కాలములోనే. తమిళనాడు 1997లోనే సమాచార హక్కు చట్టము చేసెను. దానిలో మినహాయింపులు మెండు. 2005 కేంద్ర చట్టము వచ్చిన పిమ్మట పది రూపాయల రుసుముతో ఎవరైనను అడుగవచ్చును. ఎందుకు అడుగుచున్నావని అధికారి ప్రశ్నింపరాదు. ముప్పది దినములలో ఉత్తరమియ్యవలయును. నిరాకరించినచో కారణము, అప్పీలు గడువు, అప్పీలు వినువారి వివరము, ఈ మూడును కాగితముమీద వ్రాయవలయును. 1892 నాటి గవర్నరుకు లేని బాధ్యత నేటి గుమాస్తాకు కలదు.

ఆ చట్టములో మా అంబత్తూరువారికి ప్రత్యేకముగా నచ్చవలసిన నియమము మరియొకటి. తప్పు కార్యాలయమునకు పంపిన ప్రశ్నను ‘ఇది మాది కాదు’ అని త్రిప్పి పంపరాదు; అయిదు దినములలో సరియైన కార్యాలయమునకు బదిలీ చేసి, అడిగినవానికి తెలుపవలయును. అంబత్తూరు ఒకప్పుడు చెంగల్పట్టు జిల్లా. 1997 నుండి తిరువళ్ళూరు జిల్లా. 2018 నుండి చెన్నై జిల్లా. పురపాలక సంఘము 2011లో మహానగర పాలక సంస్థలో కలిసినది. మేము ఇల్లు మారలేదు. జిల్లాలే మా ఇంటిమీదుగా నడచిపోయినవి. ఒక పట్టా కాగితమునకై, ఒక మురుగు కాలువకై తిరిగినవారికి ‘ఇది ఇక్కడ కాదు’ అను మాట ఎంత పరిచితమో చెప్పనక్కరలేదు.

ఈ పెద్ద సభల కథ చెప్పుట ఎందుకనగా, మన చిన్న సభలలో ప్రశ్నల గతి చూచి. తమిళనాడు 2006లో తమిళ బోధన చట్టము చేసి, ఆ యేడు ఒకటవ తరగతితో మొదలిడి ఏటికొక తరగతి చొప్పున తమిళమును నిర్బంధ విషయము చేసెను. 2015–16లో అది పదవ తరగతికి చేరెను. తమిళము మన పిల్లలు నేర్వవలసినదే. ఈ నేలమీద బ్రతుకువారము, అది మన రెండవ తల్లి. కాని తెలుగు ఏ గంటలో, ఎవరు చెప్పుదురు, పరీక్షలో దానికి చోటెక్కడ అని భాషాల్పసంఖ్యాకుల కుటుంబములు న్యాయస్థానముల దాక పోవలసివచ్చెను. మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన సౌకర్యములు కల్పింపవలయునని చెప్పు 350-ఎ అధికరణము 1956 నుండి రాజ్యాంగములో నున్నది. అధికరణము ఉన్నది, అడుగువారు ఎందరు?

తెలుగువారి సభ ఒకదానిలో, ఊరు పేరు చెప్పను, వార్షిక లెక్కలు చదివిన పిమ్మట ఒక వృద్ధురాలు లేచి, ‘నా మనుమరాలికి అక్షరాలు నేర్పించుటకు మన సంఘము ఏమి చేయుచున్నదయ్యా?’ అని అడిగెను. అధ్యక్షులవారు, ‘అమ్మా, ఇది కార్యక్రమ పట్టికలో లేదు’ అని సెలవిచ్చిరి. పిదప ప్రక్కనున్న కార్యదర్శి ‘పోయిన యేడును ఇదే అడిగిరి’ అని నవ్వెను. సన్మానము మొదలయ్యెను. నియమము ప్రకారము చూచినను ఆ నిరాకరణ చెల్లదు. ఉత్తరము చెప్పిన ప్రశ్నను మరల అడుగరాదన్నారే గాని, ఉత్తరము చెప్పని ప్రశ్నను మరల అడుగరాదని ఏ సభయు వ్రాసికొనలేదు. పట్టికలో లేనిచో వచ్చు సభ పట్టికలో వేసికొనవచ్చును.

గుమాస్తా బుద్ధి గనుక నాకు తోచినది ఒక రిజిస్టరు. మా సంఘపు పెద్దలకు దానిని గురించి వ్రాతమూలకముగా విన్నవించితిని. వారు దయతో ఒప్పుకొని నూరు పుటల పుస్తకము కొనియిచ్చిరి. గీతలు నేనే గీచితిని. మొదటి వరుసలో క్రమసంఖ్య, రెండవదానిలో అడిగిన తేదీ, మూడవదానిలో ప్రశ్న, అడిగినవారి మాటలలోనే, నాలుగవదానిలో అదే ప్రశ్న అదివరకు అడిగినవారి పేర్లు, అయిదవదానిలో ఉత్తరము, ఉత్తరము ఈయనిచో కారణము ఆరవదానిలో, మరల ఎప్పుడు విచారింపబడునో ఏడవదానిలో. ‘ఉత్పన్నము కాదు’ అని వ్రాయరాదని లోపలి అట్టమీద ఎర్ర సిరాతో వ్రాసితిని. మొదటి పుటలో ఆ వృద్ధురాలి ప్రశ్ననే మా సంఘపు ప్రశ్నగా మార్చి వ్రాసినాము. నాలుగవ వరుసలో ఇప్పటికి పదునాలుగు పేర్లు చేరినవి. అందు ఇద్దరు మనుమరాండ్రు స్వయముగా తమిళ అక్షరములతో సంతకము చేసిరి. అయిదవ వరుస ఇంకను ఖాళీగా నున్నది. ఏడవ వరుసలో రాబోవు ఉగాది సమావేశపు తేదీ వేసినారు.